బర్ఫ్‌కూచ్: మంచు బయల్దేరే వేళ

తెలుగు పేపర్లలో పనిచేసే నాలాంటివాళ్లకు ఒక పాత తిరకాసు ఉంది. ఆకాశం నుంచి మంచు కురిస్తే 'హిమపాతం' అని రాస్తాం. కొండ మీద నెలల తరబడి పేరుకున్న మంచు ఒక్కసారిగా విరిగి ఊరి మీద పడినా 'హిమపాతం' అనే రాస్తాం. మొదటిదాన్ని చూడటానికి జనం డబ్బులు పెట్టి పోతారు. రెండోదాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లలో చాలామంది చెప్పడానికి మిగలరు. అయినా మనకు ఒకే మాట సరిపోయింది. కృష్ణ, గోదావరి, తుంగభద్ర ఒడ్డున బతికేవాళ్లకు మంచంటే తెల్లారుజామున చేల మీద దిగే తెర. లేదంటే రంజాన్ సాయంత్రం షర్బత్‌లోకి తెచ్చుకునే బర్ఫ్ గడ్డ. అంతకుమించి మన పెద్దలకు అవసరం పడలేదు.

ఉర్దూలో రెండోదాన్ని 'బర్ఫానీ తోదా' అంటారు. తోదా అంటే కుప్ప. ఇరాన్ ఫార్సీలో దాని పేరు 'బహ్మన్'. ఆ పేరు వినగానే మనకు గుల్బర్గా, బీదర్ బహ్మనీ సుల్తానులు గుర్తొస్తారు. వాళ్లు ఆ పేరును ఇరాన్ పాత కిస్సాల్లోని బాద్షా బహ్మన్ నుంచి తెచ్చుకున్నారు. ఇరాన్ క్యాలెండర్‌లో అదే పేరుతో ఒక నెల కూడా ఉంది. సుమారుగా జనవరి 21 నుంచి ఫిబ్రవరి 19 దాకా నడుస్తుంది. ఈ వ్యాసం చివరికొచ్చేసరికి ఆ నెల పేరు మీకు మళ్లీ గుర్తొస్తుంది.

అన్నింటికంటే అఫ్గానీల మాట నాకు బాగా నచ్చింది. వాళ్లు 'బర్ఫ్‌కూచ్' అంటారు. కూచ్ అంటే మన ఇళ్లలో తెలియనిదేముంది? మకాం ఎత్తేసి బయల్దేరడం. ఫౌజ్ కూచ్ చేస్తుంది, కాఫిలా కూచ్ చేస్తుంది. అక్కడ మంచు కూడా కూచ్ చేస్తుంది. బయల్దేరేవాడెవడైనా ముందు సామాను సర్దుకుంటాడు. మంచు కూడా అంతే, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి లోలోపల తయారై అప్పుడు కదులుతుంది. ఆ తయారీని కనిపెట్టడం మనిషి ఎలా నేర్చుకున్నాడు, కనిపెట్టడం వచ్చాక కూడా ఎందుకు చనిపోతున్నాడు, ఈసారి మీ ముందు పెట్టదలుచుకున్న తారీఖ్ ఇదే.

నలభై రోజులు ఆగిన ముసాఫిర్

1333 ప్రాంతంలో మొరాకో నుంచి వచ్చిన ఇబ్న్ బతూతా హిందూకుష్ కొండలకు ఉత్తరాన, కుందూజ్ దగ్గర డేరా వేశాడు. ఆయన పోవాల్సింది ఢిల్లీకి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారుకు. షహజాదాగా ఉన్నప్పుడే మన ఓరుగల్లు కోటను గెలిచిన ఆ తుగ్లక్కే. దర్బారులో కొలువు దొరుకుతుందన్న ఆశ ఒకపక్క లాగుతున్నా ఇబ్న్ బతూతా కుందూజ్ దాటి కదల్లేదు. దాదాపు నలభై రోజులు అక్కడే ఉండిపోయాడు. కారణాలు రెండు చెప్పాడు. ఒకటి, ఒంటెలకూ గుర్రాలకూ అక్కడ మేత బాగుంది. రెండోది, మంచు భయం.

హిందూకుష్ అనే పేరు ఎలా వచ్చిందో కూడా ఆయనే రాశాడు. హిందుస్తాన్ నుంచి గులాములుగా తోలుకొచ్చే ఆడపిల్లలు, మగపిల్లలు ఆ కొండ మీది చలికీ మంచుకూ చనిపోతుంటారట, అందుకే 'హిందీలను చంపేది' అనే పేరు పడిందట. ఆ పేరు పుట్టుక గురించి పండితులు వేరే మాటలు కూడా చెప్తారు. కానీ ఆయన చెవిన పడిన మాట మాత్రం ఇది.

ఎండలు బాగా కాశాక ఆయన కాఫిలా బయల్దేరింది. తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, పొద్దు గూకేదాకా ఆగకుండా నడిచి కొండ దాటేశారు. ఒంటెలు మంచులో దిగబడకుండా వాటి కాళ్ల ముందు ఉన్ని జంబుఖానాలు పరిచారు. ఇవాళ మంచుకొండల్లో శిక్షణ ఇచ్చే ఉస్తాదులు ఏం చెప్తారో చూడండి. తెల్లారకముందే బయల్దేరు, రాత్రి చలికి గట్టిపడిన మంచు మధ్యాహ్నం ఎండకు మెత్తబడి జారుతుంది. బరువును ఒకచోట పడనీయకుండా పరిచి నడువు. ప్రమాదమున్న చోట ఆగకు. ఏడు వందల ఏళ్ల కిందటి ఆ ముసాఫిర్ ఈ మూడూ చేశాడు. అన్నిటికంటే ముందు చేసిన పని ఏంటంటే, నలభై రోజులు ఆగాడు.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఆగే అఖ్తియార్ ఆయనకు ఉంది. గులామ్ పిల్లలకు లేదు. ఎప్పుడు దాటాలో వాళ్లను కొన్నవాడు నిర్ణయించాడు. ఒకటే కొండ, ఒకటే మంచు. ఎదురుచూడగలిగినవాడు కితాబ్ రాశాడు, చూడలేనివాళ్ల గవాహీ కొండ పేరులో మిగిలిపోయింది.

ఆగలేని బాద్షా

రెండో గవాహీ బాబర్‌ది. ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకు 'తుజుక్-ఎ-బాబరీ' పేరు కొత్తేమీ కాదు. అసలు రాసింది చగతాయ్ తుర్కీలో. అక్బర్ కాలంలో అబ్దుర్రహీం ఖాన్-ఎ-ఖానాన్ దాన్ని ఫార్సీలోకి తెచ్చాడు. జంగ్‌ల గురించి, తోటల గురించి, ఖర్బూజాల గురించి అందులో ఏం రాశాడో చాలామంది చెప్తారు. మంచు గురించి రాసిన పేజీలు మాత్రం తక్కువమంది తిరగేస్తారు.

1506 డిసెంబర్ చివర్లో బాబర్ హెరాత్ నుంచి కాబుల్‌కు బయల్దేరాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు నిండలేదు. కందహార్ మీదుగా పోతే చుట్టుదారి, అయినా భద్రం. కొండల్లోంచి పోతే దగ్గర. కందహార్ దారే మేలని కొందరు సలహా చెప్పారు. ఖాసిం బేగ్ ఒప్పుకోలేదు, అది చాలా దూరమన్నాడు. కొండదారి పట్టారు. పషాయీ తెగకు చెందిన ఒకాయన దారి చూపడానికి ముందు నడిచాడు. మంచు అంతకంతకూ లోతవుతూ వచ్చేసరికి ఆయనకు కూడా దారి దొరకలేదు.

తర్వాత దాదాపు వారం రోజులు ఆ మనుషులు చేసిన పని మంచు తొక్కడమే. పదీ పదిహేను మంది ముందు నిలబడేవాళ్లు, వాళ్లలో బాబర్ కూడా ఉన్నాడు. ఒక్కో అడుగుకు నడుము దాకా, గుండెల దాకా దిగబడుతూ కాస్త దూరం తొక్కి అలిసి నిలబడిపోతే, వెనకవాడు ముందుకొచ్చేవాడు. అలా తొక్కిన దారిలో గుర్రాన్ని నడిపించేవాళ్లు. రోజంతా కష్టపడితే రెండు మూడు మైళ్లు కదిలేవాళ్లు.

జిర్రీన్ కనుమ కింద ఒక గుహ దగ్గరికి చేరేసరికి తుఫాను ముదిరింది. గుహ చిన్నదిగా కనిపించింది. లోపలికి రమ్మని మనుషులు బతిమాలినా బాబర్ పోలేదు. తనవాళ్లు బయట మంచులో ఉంటే తాను వెచ్చగా పడుకోవడానికి మనసొప్పలేదని రాసుకున్నాడు. గుండెల లోతు గుంట తవ్వుకుని అందులో కూర్చున్నాడు. తలమీద, వీపుమీద నాలుగు వేళ్ల మందాన మంచు పేరుకుంది. గుహ లోపల చాలా విశాలంగా ఉందని తర్వాత తెలిసింది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లందరితో కలిసి లోపలికి పోయాడు. మర్నాటి పొద్దున తుఫాను ఆగింది, కనుమ దాటారు. కొందరికి మాత్రం ఆ చలికి చేతులు, కాళ్లు పోయాయి.

ఈ కథను హిమ్మత్ కథగానే చెప్పుకుంటాం. అది నిజమే. కానీ ఒక జర్నలిస్టు కళ్లతో చదివితే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఇబ్న్ బతూతా చేసిన పని బాబర్ చేయలేకపోయాడు. వెనక విడిచొచ్చిన కాబుల్ గద్దె మీద ఫికర్ ఉన్నవాడు వసంతం దాకా ఆగలేడు. ఆయనకు మంచు తెలియక కాదు. కాబుల్ గురించి రాసిన పేజీల్లో హిందూకుష్ కనుమలన్నీ పేరుపేరునా లెక్కపెట్టి, ఏది ఏ కాలంలో మూసుకుపోతుందో, ఏది చలికాలంలో కూడా దాటొచ్చో వివరంగా రాసిన మనిషి ఆయన. తెలిసి కూడా ఆగలేకపోవడం ఒక బాద్షాకే తప్పలేదు.

పీర్ పంజాల్ మీద చప్పుడు చేయొద్దు

1665లో ఔరంగజేబ్ కాఫిలాతో కశ్మీర్ వెళ్లిన ఫ్రెంచ్ హకీమ్ బెర్నియర్ పీర్ పంజాల్ కనుమ మీద ఒక ముసలి ఫకీరును చూశాడు. జహంగీర్ కాలం నుంచీ ఆయన అక్కడే ఉంటున్నాడట. వచ్చేపోయేవాళ్లను ఒకటే కోరేవాడు, చప్పుడు చేయొద్దని. చప్పుడు చేస్తే ఘోరమైన తుఫాను లేస్తుందనేవాడు. షాజహాన్, ఔరంగజేబ్ ఆ మాట విన్నారని, జహంగీర్ మాత్రం నవ్వేసి నగారాలు, బాకాలు మోగించమన్నాడని, చావు తప్పించుకున్నాడని ఆ ఫకీరు చెప్పిన కిస్సా.

మంచుకొండల దేశాల్లో ఇలాంటి నమ్మకం చాలాచోట్ల ఉంది. యూరప్ ఆల్ప్స్‌లోనూ అరిస్తే మంచు జారుతుందని చెప్పుకునేవాళ్లు. సైన్స్ దీన్ని ఒప్పుకోదు. మనిషి గొంతు ఎంత పెద్దదైనా గాలిలో అది కలిగించే ఒత్తిడి మంచును విరగ్గొట్టడానికి ఏమాత్రం చాలదు. మంచును కదిలించేది బరువు. కొత్తగా కురిసిన మంచు బరువు, గాలి తెచ్చి పోసిన మంచు బరువు, దాని మీద కాలు పెట్టిన మనిషి బరువు. సరదా కోసం మంచుకొండలెక్కేవాళ్ల ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో పదింటికి తొమ్మిది, చనిపోయినవాళ్లో వాళ్ల తోటివాళ్లో కాలు పెట్టడం వల్ల జరిగినవే.

అయినా ఆ ఫకీరు మాటను తీసిపారేయలేం. కనుమ మీద తమాషా చేయొద్దు, గుమిగూడొద్దు, అదబ్‌గా దాటిపో అన్న సలహాలో అనుభవం ఉంది. కారణం తప్పు, జాగ్రత్త సరైనది. వందల ఏళ్లు మనుషులు మంచును పైనుంచే చూశారు. లోపల ఏముందో చూడాలని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

తహ్ మీద తహ్

లోపల చూడటం ఒక పద్ధతిగా స్విట్జర్లాండ్‌లో గట్టిపడింది. 1936లో దావోస్ ఊరి పైన కొండ మీద ఒక చిన్న ప్రయోగశాల పెట్టి, మంచులో గుంటలు తవ్వి గోడలను చదవడం మొదలుపెట్టారు. 1942లో అది పూర్తిస్థాయి సంస్థ అయింది. 1951 చలికాలంలో ఆ చిన్న దేశంలోనే మంచు కూచ్‌లకు 98 మంది చనిపోయాక, ఈ చదువు విలువ దేశమంతటికీ అర్థమైంది.

ఆ గుంటలో కనిపించేదేమిటి? దమ్ బిర్యానీ దేగ్చీని నిలువునా కోసినట్టు ఊహించుకోండి. ఒక తహ్ తెల్లన్నం, ఒక తహ్ మసాలా, ఒక తహ్ వేయించిన ఉల్లి. మంచు కూడా తహ్‌లు తహ్‌లుగానే ఉంటుంది. డిసెంబర్‌లో కురిసింది అడుగున, జనవరి తుఫాను దాని మీద, నిన్నటిది అన్నిటికంటే పైన. మధ్యలో ఎండ కాసిన రోజులకు గుర్తుగా గట్టి పెచ్చు. అంటే ఆ గోడ ఆ చలికాలం రాసుకున్న రోజ్‌నామ్చా.

ప్రమాదం ఎక్కువగా పై తహ్‌లో ఉండదు. నేల ఎప్పుడూ కాస్త వెచ్చగా, సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ ఇరవై. మధ్యలో మంచు పలుచగా ఉంటే ఈ తేడా వల్ల లోపలి ఆవిరి పైకి పాకుతుంది. పాకుతూ మంచు పలుకులను మార్చేస్తుంది. ఒకదానికొకటి అతుక్కుని ఉండాల్సినవి పంచదార పలుకుల్లా విడివిడిగా తయారవుతాయి. పిడికిలిలో పట్టుకుంటే ముద్ద కావు, వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. తర్వాత పెద్ద తుఫాను వచ్చి ఈ పంచదార మీద మూడడుగుల గట్టి పలక పరిచిందనుకోండి. చూడటానికి తెల్లగా, నున్నగా, ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. వాలు ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య ఉంటే చాలు, ఒక మనిషి అడుగుకు అడుగు తహ్ కూలి, పైన పలక మొత్తం విరిగి బయల్దేరుతుంది.

అందుకే తొలి మంచు తక్కువ పడిన ఏడాది ఒక్కోసారి ఎక్కువ పడిన ఏడాది కంటే ప్రమాదం. మైదానాల్లో ఉన్నవాళ్లం దీన్ని తలకిందులుగా అనుకుంటాం.

గుంట తవ్వినవాళ్లు చేసే పరీక్షలు వింటే ఆశ్చర్యపోతారు, అంత సాదాగా ఉంటాయి. ఒక్కో తహ్ ఎంత గట్టిదో చూడటానికి వరసగా పిడికిలి, నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిల్, చాకు గుచ్చి చూస్తారు. పిడికిలే దిగిపోతే మెత్తన, చాకు కావాల్సివస్తే గట్టిది. మెత్తటి తహ్ మీద గట్టి తహ్ కూర్చుని ఉంటే అనుమానించాలి. తర్వాత ముప్పై సెంటీమీటర్ల చదరపు స్తంభం ఒకటి చెక్కి, దాని మీద పార పెట్టి చేత్తో కొడతారు. మణికట్టు ఊపుతో పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు ఏ తహ్ దగ్గర విరిగిందో రాసుకుంటారు. మణికట్టు దెబ్బలకే నున్నగా కోసినట్టు విరిగితే వెనక్కి తిరగాలి.

గుంట తవ్వకుండానే కొండ ఇచ్చే హెచ్చరికలు కూడా ఉన్నాయి. పక్క వాలు మీద తాజాగా మంచు జారిన గుర్తులు. కాలు వేస్తే కింద 'ధుమ్' మని కూలిన చప్పుడు. పాదం దగ్గర మొదలై ముందుకు పరిగెత్తే పగులు. ఒక్కరాత్రిలో కురిసిన భారీ మంచు. ఉన్నట్టుండి ఎండ వేడెక్కడం. ఇవి కనిపించాక కూడా ముందుకు పోతే మంచును నిందించి లాభం లేదు.

మన కొండలు

ఈ చదువు హిందుస్తాన్‌కు ఆలస్యంగా వచ్చింది. 1962 యుద్ధం తర్వాత సైన్యం ఎత్తైన కొండల్లో చలికాలమంతా ఉండాల్సిన పరిస్థితి వచ్చింది. 1969లో మనాలీ కేంద్రంగా మంచునూ మంచు కూచ్‌లనూ అధ్యయనం చేసే ప్రభుత్వ సంస్థ పుట్టింది. సాసే అని పిలిచేవాళ్లు. 2020లో దాన్ని రక్షణ పరిశోధన శాఖలోనే మరో సంస్థతో కలిపేశారు. చలికాలంలో కశ్మీర్ జిల్లాల వారీగా వచ్చే హెచ్చరికల వెనక ఉన్నది ఈ పనే. ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు దాకా మెట్లుగా చెప్తారు. మూడో మెట్టు అంటే 'మధ్యలోదే కదా' అనిపిస్తుంది. ఆల్ప్స్ కొండల్లో ఎక్కువమంది చనిపోయేది ఆ మూడో మెట్టు రోజుల్లోనే. నాలుగు, అయిదు అంటే జనం భయపడి ఇంట్లో ఉంటారు.

మన కొండలన్నీ ఒక తీరువి కావు. పీర్ పంజాల్ మీద మంచు విపరీతంగా పడుతుంది, చలి కాస్త తక్కువ. అక్కడ తుఫాను నడిచే గంటలు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పెద్ద గండం. లద్దాఖ్, కారాకోరం వైపు మంచు తక్కువ, చలి దారుణం. అక్కడ పంచదార తహ్ నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. ఈ రెంటి మధ్య గుమ్మం లాంటిది జోజీలా. బాబర్ ఖాలాజాద్ భాయి మీర్జా హైదర్ దుగ్లత్ 1533 చలికాలంలో కాష్గర్ ఫౌజ్‌తో ఆ కనుమ మీదుగానే కశ్మీర్‌లో దిగాడు, తర్వాత కొన్నేళ్లకు దాన్నే ఏలాడు.

చలికాలంలో ఈ కొండలకు మంచు తెచ్చే మేఘాలు పడమటి నుంచి వస్తాయి. ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి కశ్మీర్‌లో దిగుతాయి. ముసాఫిర్లు నడిచిన దారే మేఘాలదీ. 2010 ఫిబ్రవరి 8న ఆ దారి పొడవునా ఏం జరిగిందో చూడండి. హిందూకుష్‌లో సలంగ్ కనుమ దగ్గర, 1964లో తెరిచిన సొరంగానికి పోయే రోడ్డు మీద, ఒకదాని వెంట ఒకటిగా మంచు కూచ్‌లు దిగాయి. బస్సులు, కార్లు కూరుకుపోయాయి. 160 మందికి పైగా చనిపోయారు. అదే రోజు గుల్మర్గ్ పైన ఖిలన్‌మర్గ్ దగ్గర శిక్షణలో ఉన్న సైనికుల మీద మంచు విరిగిపడి 17 మంది పోయారు.

దానికి అయిదేళ్ల ముందు, 2005 ఫిబ్రవరిలో, పీర్ పంజాల్ ఒడిలో ఉన్న వల్తెంగూ నార్ అనే ఊరి మీదికి మంచు దిగింది. ఇవాళ అది కుల్గాం జిల్లాలో ఉంది. వాళ్లు మంచు మీద ఆటలకు పోయినవాళ్లు కారు, కనుమ దాటుతున్న ముసాఫిర్లు కారు. తమ ఇళ్లలో ఉన్న గరీబ్ కుటుంబాలు. 150 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాలు కింద ఇల్లు కట్టుకున్నవాడికి మంచు సంగతి తెలియకనా? ఇంకోచోట జమీన్ లేక.

కర్నూలుకు వచ్చిన ఖబర్

సియాచిన్ మీద రెండు దేశాల సైనికులు 1984 నుంచి ఎదురెదురుగా ఉన్నారు. అక్కడ 2003 నవంబర్ నుంచి తుపాకులు ఆగాయి. మంచు ఆగలేదు. 2012 ఏప్రిల్ 7న తెల్లవారకముందు పాకిస్తాన్ వైపు గయారీ అనే చోట బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్ మొత్తం మంచు, రాళ్ల కింద సమాధి అయింది. 129 మంది సైనికులు, 11 మంది సివిలియన్లు. ఏళ్ల తరబడి అక్కడ మకాం ఉంది, భద్రమైన చోటనే అనుకున్నారు.

2016 ఫిబ్రవరి 3న మన వైపు. సోనమ్ పోస్టు, దాదాపు 19,600 అడుగుల ఎత్తు. అక్కడ విరిగింది మంచు తహ్ కాదు, గ్లేసియర్ మంచుగోడ. మద్రాస్ రెజిమెంట్ బెటాలియన్ పోస్టులో ఉన్న పదిమంది కింద పడిపోయారు. సైన్యం విడుదల చేసిన పేర్లు పేపర్ ఆఫీసులకు వచ్చిన రోజు నేను డెస్క్ మీద ఉన్నాను. కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర ఊళ్ల మధ్య ఒక పేరు దగ్గర కళ్లు ఆగాయి. సిపాయి ముష్తాక్ అహ్మద్, కర్నూలు జిల్లా, బండి ఆత్మకూరు మండలం, పర్నపల్లె. ఇప్పుడది నంద్యాల జిల్లా. చేలల్లో వరి తప్ప, జీవితంలో మంచు ఎరగని నేల.

మంచు కింద కూరుకుపోయినవాళ్లను మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే ఎక్కువమంది బతుకుతారు. ఆ తర్వాత ఆశ వేగంగా తగ్గిపోతుంది. అలాంటిది ఆరో రోజున, పాతిక అడుగుల లోతు నుంచి, లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్‌ను ప్రాణంతో తీశారు. ఆ మూడు రోజులు మా ఇంట్లో టీవీ కట్టలేదు. ఒకరు బతికారంటే ఇంకొకరు కూడా ఉండొచ్చు కదా అని అమ్మీ తస్బీహ్ పట్టుకుని కూర్చుంది. ఫిబ్రవరి 11న ఢిల్లీ హాస్పిటల్లో ఆయన కూడా కన్నుమూశాడు. పదిమందిలో ఎవరూ మిగల్లేదు. మన సీమ బిడ్డ జనాజాగా తిరిగొచ్చాడు. సలంగ్ అయినా, గుల్మర్గ్ అయినా, సోనమ్ అయినా, అన్నీ బహ్మన్ నెలలోనే.

అమ్మీ ఆ రోజు ఒక సవాల్ అడిగింది. "అంత మంచు పడే చోట, ఆ నాలుగు నెలలైనా పిల్లల్ని కిందికి దిగిరమ్మనొచ్చు కదా బేటా?" నా దగ్గర సైనిక కారణాలన్నీ ఉన్నాయి. నువ్వు దిగితే అవతలివాడు ఎక్కుతాడు, అందుకే ఇద్దరూ దిగరు. ఆమెకు అవే చెప్పాను. ఆమె విన్నది గానీ, "అయితే ఇద్దరికీ చెప్పాలి" అని మాత్రం అంది.

నాకు అప్పుడు కుందూజ్ గుర్తొచ్చింది. గుంట తవ్వడం, తహ్ చదవడం, దెబ్బలు లెక్కపెట్టడం, అయిదు మెట్ల హెచ్చరిక, ఈ ఇల్మ్ అంతా చివరికి మనిషికి ఇచ్చే సలహా ఒకటే: ఇవాళ ఆగు. ఆ సలహా పాటించగలిగినవాడికే దాని ఫాయిదా. ఇబ్న్ బతూతా పాటించగలిగాడు. గులామ్ పిల్లలు, వల్తెంగూ నార్ కుటుంబాలు, గయారీ, సోనమ్ సిపాయిలు పాటించగలిగే హాలత్‌లో లేరు. మంచు శాస్త్రం ఎంత పెరిగినా, ఆగే హక్కు అందరికీ పెరగకపోతే చావుల లెక్క ఆ కొంతమంది మీదే పడుతూ ఉంటుంది.

కొన్నిచోట్ల ఆ హక్కును సొరంగాల రూపంలో ఇస్తున్నారు. 2025 జనవరిలో సోన్‌మర్గ్ సొరంగం తెరిచారు. చలికాలంలో మంచు కూచ్‌లకు మూసుకుపోయే రోడ్డు ముక్క ఇప్పుడు కొండ కడుపులోంచి పోతుంది. దాని తర్వాతది జోజీలా కింద, సుమారు 13 కిలోమీటర్లు. ఆ పని 2020లో దక్కించుకున్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగే. మీర్జా హైదర్ ఫౌజ్ దాటిన కనుమ కింద ఇవాళ మన హైదరాబాద్ పేరు వినిపిస్తోంది.

ఈ మధ్య మన కుటుంబాలు కూడా చలికాలంలో గుల్మర్గ్, సోన్‌మర్గ్ పోతున్నాయి. బచ్చాలు మంచులో ఆడుకోవాలని ఎవరికుండదు? పోండి, తప్పకుండా పోండి. కానీ హోటల్ గుమ్మం దగ్గర డ్రైవర్ వచ్చి "ఆజ్ రాస్తా బంద్ హై సాబ్" అంటే, కట్టిన డబ్బులు గుర్తొచ్చి అతని మీద చిరాకు పడొద్దు. ఆ రోజు ఎన్నో మెట్టు హెచ్చరిక ఉందో అడగండి. కొత్త మంచు పడిన తెల్లారి తాళ్లు కట్టిన హద్దు దాటి ఫోటో కోసం వాలు మీదికి పిల్లల్ని పంపొద్దు. గదిలో కూర్చుని కహ్వా తాగండి, ఒక రోజు పోతే పోయింది. ఆగగలిగిన ఖుష్‌కిస్మత్ వాళ్లలో మీరున్నారు.